రివోల్ట్ అంటే తిరుగుబాటా, రోతనా? మా హాస్టల్ల ఆ రెండూ ఒక్క దినమే చూసిన

అడిగిన ప్రశ్న: "రివోల్ట్ అంటే తిరుగుబాటు అని బడిలో నేర్చుకున్నాను. రివోల్టింగ్ అంటే అసహ్యం పుట్టించేది అని ఎక్కడో చదివాను. సంబంధం లేని ఈ రెండు అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయి?"

సంబంధం లేదని మీరెట్ల అనుకున్నరో గాని, తెలుగోళ్లకు ఇది అన్నిట్ల కంటె సులువుగా సమజ్ కావాల్సిన మాట. తిరుగుబాటుల ఉన్నది తిరుగుడే. కుళ్లిన కూర వాసనొస్తే "కడుపుల తిప్పుతంది" అంటం, అదీ తిరుగుడే. మా నల్లగొండ దిక్కు ఇంకో మాటున్నది, మర్లబడుడు. మర్లుడంటే ఎనుకకు తిరుగుడు. దొర మీద మర్లబడ్డరంటే తల వంచుకొని పొయ్యేటోళ్లు ఎనుకకు తిరిగి నిలబడ్డరన్నట్టు. ఇంగ్లీషుల గూడ గంతే. లాటిన్ల ఎనుకకు దొర్లించుడనే మాట ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదికెళ్లి ఇంగ్లీషుకు వచ్చింది. రివాల్వర్, రివల్యూషన్ గూడ ఆ వేరు నుంచి మొలిచినయే.

1996ల నేను తొమ్మిది చదివేటప్పుడు నల్లగొండల ఒక హాస్టల్ల ఉంటుంటి. వానకాలం. బియ్యం సంచులు గోడకు ఆనిచ్చి పెడితే చెమ్మకు ముక్కిపొయినయ్. అన్నంల తెల్లపురుగులు. మొదట్ల ఏరి పక్కకు పెట్టి తిన్నం. పది దినాలకు గంట కొట్టంగనే, పళ్లెం చేతుల పట్టకముందే కడుపుల దేవుకొచ్చేది. ఐదో తరగతి పిలగాడొకడు అన్నం ముంగటనే కక్కుకున్నడు. వాణ్ని కడిగించి, మళ్ల అదే బంతిల కూసోబెట్టిన్రు.

అర్జీ ఇంగ్లీషుల రాస్తే పెద్దసార్లు పట్టించుకుంటరని అనుకున్నం. డిగ్రీ చదివే మా మేనబావ ఒక్క వాక్యం చెప్పిండు: "ది ఫుడ్ ఈజ్ రివోల్టింగ్." కింద ముప్పైమందిమి సంతకాలు పెట్టి ఇచ్చినం. వార్డెన్ సారు చదివి ఎర్రగైండు. "రివోల్ట్ చేస్తరారా? సంఘం పెడుతున్నరా? ఎవడు నేర్పిండు మీకు?" అని కాగితం చింపి, రాసిన నన్ను, నా దోస్తును ఎండల నిలబెట్టిండు. మేం రాసింది అన్నం గురించి. ఆయన చదువుకున్నది మా గురించి.

ఆ రాత్రి మళ్ల అదే అన్నం. ఎవ్వరూ మాట్లాడుకోలే, ముందుగాల అనుకున్నది గూడ కాదు. ఒకడు పళ్లెం ముందుకు నూకిండు. పక్కోడు నూకిండు. బంతి పొడుగూత బండల మీద పళ్లాల గీసుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. వంటమనిషి గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డది. తెల్లారి పదకొండింటికి కొత్త బియ్యం దిగినయ్.

అందుకే గట్టిగ చెప్తున్న. నిఘంటువుల లెక్కల తిరుగుబాటు అర్థం 16వ శతాబ్దంది, రోత అర్థం 18వ శతాబ్దంల వచ్చి కలిసింది. బతుకుల మాత్రం ఇది ఉల్టా. ముందు కడుపు తిరుగుతది, మనిషి తర్వాత తిరుగుతడు.

బడిల 1857 పాఠం కాడ "రివోల్ట్ ఈజీక్వల్టు తిరుగుబాటు" అని బోర్డు మీద రాసి, దాని కింద గీత గీసి మూసేస్తరు. ఒక మాటకు ఒక అర్థం, ఒక మార్కు. ఆ చదువు చదివినందుకే మా వార్డెన్ సారుకు రెండో అర్థం తెల్వకపాయె. మర్లబడుడు అన్న మాట నా పాఠ్యపుస్తకంల ఒక్కసారన్న కనవడలే. మాది పల్లెటూరి భాషట.

ఇంగ్లీషోళ్లల్ల ఒక పాత జోకున్నది. "రైతులు రివోల్టింగ్" అని మంత్రి వచ్చి చెప్తే, "అవును, వాళ్లను చూస్తేనే రోత" అంటడు రాజు. నాకు అండ్ల నవ్వొచ్చేదేం లేదు. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిల దొరల మీద మర్లబడ్డ సంగపోళ్లు ఊరేగింపు తీస్తె విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు కాల్చిన్రు, దొడ్డి కొమరయ్య చనిపోయిండు. ఆ దొరలు గూడ రైతును అట్లనే చూసిన్రు.

మా నాయనమ్మది సూర్యాపేట దిక్కు. చిన్నప్పుడు దొర గడీల వెట్టికి నీళ్లు మోసింది. హాస్టల్ సంగతి చెప్తే ఆమె నా అర్జీ గురించి అడగలే, పురుగుల గురించి అడిగింది. "గడీల పాసిపొయిన గట్క పెడుతుండ్రి బిడ్డా. ఆ వాకిలి సూస్తేనే కడుపుల దేవేది. సంగపోళ్లు మా ఊరికొచ్చింది ఇంక రెండేండ్లకు" అన్నది.