పుల్ రిక్వెస్టులో 14 కమిట్లు: సర్దే పద్ధతి

కోడు మార్పుల చరిత్రను దాచే గిట్‌లో మూడు పంక్తుల మార్పుకు 14 కమిట్లు (భద్రపరిచిన మార్పులు) అయ్యాయని, వాటిలో సగం మెయిన్ బ్రాంచిని (ప్రాజెక్టు ప్రధాన శాఖను) కలిపిన మెర్జ్‌లేనని, సర్దమని ప్రాజెక్టు నిర్వాహకులు అడిగారని మీరు రాశారు. కంగారు పడకండి. కొత్త పుల్ రిక్వెస్టు (మీ మార్పును ప్రాజెక్టులో చేర్చమనే అభ్యర్థన) తెరవనక్కరలేదు.

ముందు 'గిట్ బ్రాంచ్ నకలు' అని ఒక ప్రతి దాచుకోండి. తర్వాత 'గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్' (అప్‌స్ట్రీమ్ అంటే అసలు ప్రాజెక్టు రిపాజిటరీ), ఆపైన మీ కమిట్లను తాజా మెయిన్ మీద మళ్లీ పేర్చే 'గిట్ రీబేస్ -ఐ అప్‌స్ట్రీమ్/మెయిన్'. ఎడిటర్‌లో కమిట్ల వరుస తెరుచుకుంటుంది. పాతది పైన, కొత్తది కింద ఉంటుంది. గిట్ లాగ్ చూపే క్రమానికి ఇది తలకిందులు, చాలామంది తడబడేది ఇక్కడే. మెర్జ్ కమిట్లు అందులో కనిపించవు. రీబేస్ వాటిని తనంతట తానే వదిలేస్తుంది. మొదటి వరుసలో 'పిక్' తీసి 'రీవర్డ్' (సందేశం మార్చడానికి) రాయండి, 'అక్షరదోషం సరిచేశాను' లాంటి మిగతా వాటికి 'ఫిక్సప్' (పై కమిట్‌లో కలిపేయడానికి) పెట్టండి. ఘర్షణ (ఒకే చోట రెండు వేర్వేరు మార్పులు) వస్తే ఫైలు సరిచేసి 'గిట్ యాడ్', 'గిట్ రీబేస్ --కంటిన్యూ'. దారి తప్పినట్టనిపిస్తే '--అబార్ట్' మిమ్మల్ని మొదటికి చేరుస్తుంది.

కమిట్ సందేశం మీద మాత్రం పది నిమిషాలు వెచ్చించండి. 'బగ్ ఫిక్స్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'తేదీ ఖాళీగా ఉన్నా పార్సర్ ఆగకుండా చూడు' అని రాసి, ఒక పంక్తి వదిలి కారణం వివరించండి. రేపు ఎవరైనా గిట్ బైసెక్ట్‌తో లోపం వెతుకుతూ మీ కమిట్ దగ్గర ఆగితే, వారికి దొరికే ఆధారం అదే.

చివరగా 'గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్'. ఉత్త '--ఫోర్స్' వాడకండి, నిర్వాహకులు మీ బ్రాంచిలో ఏదైనా చేర్చి ఉంటే చెప్పకుండా చెరిపేస్తుంది. ఇకపై మెయిన్‌తో సరిచూసుకోవడానికి 'గిట్ పుల్ --రీబేస్ అప్‌స్ట్రీమ్ మెయిన్' వాడండి, ఆ మెర్జ్‌లు మళ్లీ పుట్టవు.