లామ్ప్స్‌లో సొంత ఫిక్స్: బలం సగమే ఎందుకు పనిచేసింది?

ప్రశ్న: నేను పాలిమర్లపై పరిశోధన చేస్తున్న విద్యార్థిని. అణువుల కదలికను లెక్కగట్టే లామ్ప్స్ ప్రోగ్రాంకు, ఎంచుకున్న పరమాణువులను స్థిర బలంతో ఒకే దిశలో లాగే ఫిక్స్‌ను (లెక్క నడుస్తుండగా స్టెప్పు స్టెప్పుకూ ప్రోగ్రాం పిలిచే అదనపు కోడును) సి ప్లస్ ప్లస్‌లో రాసి కలిపాను. పరీక్ష కోసం, నిశ్చలంగా ఉన్న ఒంటరి పరమాణువును తీసుకుని, ద్రవ్యరాశి 1, బలం 1, టైమ్‌స్టెప్ 0.005 పెట్టి 1000 స్టెప్పులు నడిపాను. వేగం 5 రావలసింది, 2.4975 వచ్చింది. బలం కలిపే కోడును ఎండ్ ఆఫ్ స్టెప్ అనే దశలో పెట్టాను. ప్రధాన లూప్ ఉన్న వెర్లె ఫైలునే దిద్దుకోవడం మంచిదా?

జవాబు: వెర్లె ఫైలును ముట్టుకోకండి. మీ సూత్రంలో తప్పు లేదు, దాన్ని లూప్ పిలిచే చోటు మారాలి. ఒంటరి పరమాణువుతో పరీక్షించడం మీరు చేసిన ఎంతో మంచి పని. వేల పరమాణువుల గుంపులో ఈ లోపం ఉష్ణ చలనాల్లో కలిసిపోయి కంటబడేదే కాదు.

ప్రతి స్టెప్‌లోనూ మొదట ఇనీషియల్ ఇంటిగ్రేట్ దశ, చేతిలో ఉన్న బలాలతో వేగాన్ని అర స్టెప్ మేర మార్చి స్థానాలను పూర్తి స్టెప్ జరుపుతుంది. ఆ తర్వాత బలాల అరేను (విలువలు దాచే పట్టికను) సున్నా చేసి, కొత్త స్థానాల వద్ద బలాలను మళ్లీ లెక్కించాక పోస్ట్ ఫోర్స్ వంతు వస్తుంది. ఫైనల్ ఇంటిగ్రేట్ ఆ బలాలతో వేగంలో మిగిలిన సగాన్ని పూర్తిచేస్తుంది. ఇవన్నీ ముగిశాకే ఎండ్ ఆఫ్ స్టెప్. అక్కడ మీరు కలిపిన బలం తర్వాతి స్టెప్‌లో మొదటి సగానికి మాత్రం అంది, వెంటనే చెరిగిపోతోంది. మొదటి స్టెప్‌కు అదీ లేదు. 0.0025 చొప్పున 999 సార్లు కూడండి, మీ 2.4975 అంకె తేలుతుంది.

కోడును పోస్ట్ ఫోర్స్‌కు మార్చి, ఫిక్స్‌ను ఏ దశల్లో పిలవాలో లూప్‌కు చెప్పే సెట్‌మాస్క్ ఫంక్షన్‌లోనూ ఆ దశనే పేర్కొనండి. సెట్‌మాస్క్‌లో చెప్పని దశలో లూప్ మీ ఫిక్స్‌ను పిలవదు. అప్పటికీ 5 రాదు, 4.9975 వస్తుంది. పరుగు మొదలయ్యే ముందు బలాలను ఒకసారి లెక్కించే సెటప్ దశలో మీ ఫిక్స్ పాల్గొనకపోవడమే దీనికి కారణం. సెటప్ ఫంక్షన్ రాసి, అందులోంచి పోస్ట్ ఫోర్స్‌ను పిలిపించండి. లామ్ప్స్‌తో పాటే వచ్చే యాడ్‌ఫోర్స్ ఫిక్స్ చేసేదీ ఇదే, దాని ఫైలును పక్కన తెరిచి పెట్టుకుని రాయండి.

స్థానాల, బలాల అరేల పాయింటర్లను (మెమరీ చిరునామాలను) కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఫిక్స్ తయారయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే కోడులో, దాచుకోవద్దు. పరమాణువులు ఒక ప్రాసెసర్ నుంచి మరొకదానికి వలస పోతున్నప్పుడు ఆ అరేలు మెమరీలో చోటు మారవచ్చు, ఒక్కో ప్రాసెసర్ సొంత పరమాణువుల సంఖ్యా మారుతుంది. కనుక పిలిచిన ప్రతిసారీ కొత్తగా తీసుకోవాలి.

వెర్లెలో చేయి పెట్టవద్దనడానికి కారణం, శక్తిని కనిష్ఠం చేసే పరుగుకూ, వేర్వేరు బలాలకు వేర్వేరు టైమ్‌స్టెప్పులు వాడే రెస్పా పద్ధతికీ వేరే లూపులు ఉండడం. మీ దిద్దుబాటు వాటికి అందదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేయాల్సి వస్తుంది. ఫిక్స్‌లోనైతే వాటికి తగిన ఫంక్షన్లను విడిగా రాస్తే సరిపోతుంది. ఇన్‌పుట్ స్క్రిప్టులో వరసనూ గమనించండి: అవే పరమాణువులపై మీ ఫిక్స్ తర్వాత సెట్‌ఫోర్స్ అనే మరో ఫిక్స్ వస్తే, మీరు కలిపిన బలాన్ని అది చెరిపి తన విలువను రాస్తుంది.