మాస్కులు కొనే ముందు... అల్లుడికి

ఒంగోలు,
ఆదివారం.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో నిన్ను సూపర్‌వైజర్‌ని చేశారనీ, సేఫ్టీ సామాన్లు కొనే పని కూడా నీకే అప్పజెప్పారనీ అక్క ఫోన్లో చెప్పింది. ఏ మాస్క్ మంచిదో మామయ్యని అడిగి చెప్పమన్నావట. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే పొద్దున్నే అట్టపెట్టె దించి తలా ఒక మాస్క్ ఇచ్చేవాణ్ని. సాయంత్రం అన్నీ ఏరి మళ్లీ అదే పెట్టెలో పడేసేవాణ్ని. ఎవరిది ఎవరి మూతికి పోయిందో లెక్క లేదు. మిగతా రోజులన్నీ తుండుగుడ్డే. నాతోపాటు పదిహేనేళ్లు గ్రైండర్ పట్టిన ఒకాయనకి ఆయాసం మొదలైతే టీబీ అన్నారు. రెండుసార్లు కోర్సు వాడించారు, తగ్గలేదు. చివరికి ఎక్స్‌రే చేతిలో పట్టుకుని "నువ్వు ఏం పని చేస్తావయ్యా?" అని అడిగిన డాక్టరు ఒకాయన దొరికాక, అది సిలికోసిస్ అని తేలింది. రాయి కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బు అది. అప్పటికే ఆయన మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా రావడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ఆ జబ్బుకి వెనక్కి తిప్పే మందు లేదు. పైగా అది ఉన్నవాడికి నిజం టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది.

తుండుగుడ్డ ఆపేది కంటికి కనిపించే దుమ్మునే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకో. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చునేది నాలుగైదు మైక్రాన్ల లోపు దుమ్ము. అది కంటికి కనపడదు, మిషన్ ఆపాక కూడా చాలాసేపు గాల్లోనే తిరుగుతుంది. గుడ్డ మీద తెల్లగా పట్టిన పొడి చూసి "చూడు, ఎంత ఆపిందో" అని మేం మురిసిపోయేవాళ్లం.

మీ దగ్గర ఒక మాట ఎక్కువగా వినిపిస్తుంది: "మాది నల్ల రాయి, దీంట్లో సిలికా ఉండదు" అని. సగం నిజమే. ఆ నల్ల రాయి, చీమకుర్తి గెలాక్సీని, వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి. దాంట్లో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, తక్కువే. అసలైన గ్రానైట్‌లో మాత్రం ఐదో వంతు, అంతకు మించి క్వార్ట్జ్ ఉంటుంది. మీ షెడ్డులో గెలాక్సీ ఒక్కటే కోస్తారా? బయట నుంచి వచ్చిన కలర్ రాళ్లు కూడా అదే మిషన్ మీదే కదా. ఇప్పుడు వంటగదుల కోసం కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కూడా వస్తున్నాయి. వాటిలో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. ఆ పలకలు కోసిన కుర్రాళ్లు చిన్న వయసులోనే జబ్బున పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని దేశంలోనే నిషేధించింది. కాబట్టి ఏ రాయి ఏ రోజు కోస్తున్నారో పుస్తకంలో రాయించు.

మాస్కుల కొటేషన్ తెప్పించే ముందు నీళ్ల పైపు చూడు. నవ్వకు. చేతి గ్రైండర్‌తో పొడిగా అంచులు చెక్కిస్తుంటే నువ్వు ఎంత మంచి మాస్క్ కొన్నా లెక్క కుదరదు. అమెరికా వాళ్లు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సిలికా దాటకూడదంటారు. ముక్కు, నోరు కప్పే సగం ముఖం మాస్క్ సరిగ్గా అతికితే లోపలికి వచ్చే దుమ్ముని పదో వంతుకి దించుతుందని లెక్క. అంటే బయట 500 ఉంటే లోపల 50. పొడి గ్రైండింగ్‌లో అంతకంటే ఎన్నో రెట్లు లేవడం మామూలే. ఇక ఆ మాస్క్ ఏం చేస్తుంది? బ్లేడు మీద నీళ్లు పడాలి, కుదరని చోట దుమ్ము లాగే డక్ట్ ఉండాలి. అప్పుడు మిగిలిన దుమ్ముకే మాస్క్. ఇంకో సంగతి: షిఫ్టు అయ్యాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది. అది మాన్పించు. రోజంతా కాపాడుకున్నది ఆ అర నిమిషంలో పోతుంది.

ఇక కొనడం. చెవులకు తగిలించుకునే మాస్క్ మీద ఎన్95 అని అచ్చేసి అమ్ముతారు, వద్దు. ఎన్95 అనేది అమెరికా సంస్థ నియోష్ ఇచ్చే గుర్తింపు. దానికి తల వెనక నుంచి వచ్చే రెండు పట్టీలు ఉంటాయి, మాస్క్ మీద టీసీ-84ఏ తో మొదలయ్యే నంబరు ఉంటుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473. అందులో ఎఫ్ఎఫ్‌పీ1, 2, 3 అని తరగతులు, అంకె పెరిగేకొద్దీ వడపోత ఎక్కువ. రాతి దుమ్ముకి రెండు కంటే తక్కువ తీసుకోకు. రోజూ గ్రైండర్ మీద ఉండేవాళ్లకి రబ్బరుదో సిలికోన్‌దో సగం ముఖం మాస్క్, దానికి మార్చుకునే పీ3 రకం దుమ్ము ఫిల్టర్లు కొను. మొదట ఖర్చనిపిస్తుంది గానీ కడుక్కోవచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది. చెమటకి తడిసి మెత్తబడే డిస్పోజబుల్ మాస్కులు మన ఎండల్లో రోజుకి రెండు పోతాయి. ఆ లెక్క వేసి ఓనరుకి చూపించు, ఒప్పుకుంటాడు.

ఒకే సైజు యాభై కొనకు. నేను చేసిన రెండో తప్పు అది. చిన్నది, మధ్యది, పెద్దది మూడూ తెప్పించు. కుదిరితే రెండు కంపెనీలవి తెప్పించు. మనుషుల ముక్కులు, దవడలు ఒక్కలా ఉండవు. అందరికీ మీడియం ఇచ్చి, బక్కపల్చని కుర్రాడి బుగ్గ పక్కన వేలు దూరేంత సందు ఉంటే ఫిల్టరు ఎంత గొప్పదైతే ఏం లాభం? గాలి దగ్గర దారి వెతుక్కుంటుంది. ఫిల్టరు గుండా కష్టపడి రాదు, సందులోంచి వస్తుంది.

సరిపోయిందో లేదో చూడటానికి ఫిట్ టెస్ట్ అని ఉంది. పెద్ద యంత్రం ఏమీ అక్కర్లేదు, ఒక కిట్ వస్తుంది. మనిషి తల మీద పారదర్శకమైన టోపీ లాంటిది వేసి, ముందు మాస్క్ లేకుండా పల్చటి శాకరిన్ నీళ్లు స్ప్రే చేస్తారు. తీపి తెలిసిందంటే ఆ మనిషి నాలుక పనిచేస్తోందన్నమాట. తర్వాత నోరు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని అదే టోపీలో చిక్కటిది కొట్టించుకోవాలి. మామూలుగా ఊపిరి తీస్తూ, గట్టిగా తీస్తూ, తల అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పుతూ, మాట్లాడుతూ, వంగుతూ ఒక్కొక్కటి ఒక్కో నిమిషం. తీపి తగిలిందా, ఆ మాస్క్ అతనికి కాదు. సరిచేసి మళ్లీ చూడు, లేదా ఇంకో సైజు. టెస్ట్‌కి పావుగంట ముందు నుంచి నీళ్లు తప్ప నోట్లో ఏమీ పడకూడదు. మనవాళ్లకి ఖైనీ, గుట్కా మాన్పించడమే అన్నిటికంటే కష్టం! బుగ్గన ఖైనీతో వచ్చి "తీపి తెలీలేదు సార్" అంటారు. ఈ టెస్ట్ ఏడాదికోసారి చేయించు. పళ్లు పీకించుకున్నా, మనిషి బాగా చిక్కినా లావెక్కినా మళ్లీ చేయించు.

ఇక గడ్డం. మాస్క్ అంచు తగిలే చోట రెండు రోజుల గడ్డం ఉన్నా సందు పడుతుంది. ఇది మాట వరసకి చెప్పేది కాదు, టెస్ట్‌లో నీకే కనిపిస్తుంది. కార్తీకం వచ్చేసరికి మీ షెడ్డులో సగం మంది అయ్యప్ప మాల వేస్తారు. 41 రోజులు గడ్డం తీయరు. భవానీ దీక్షవాళ్లూ అంతే. మతం కొద్దీ ఏడాది పొడవునా గడ్డం ఉంచుకునేవాళ్లూ ఉంటారు. "తీసేయండి" అని నువ్వు హుకుం వేస్తే పని ఆగుతుంది, మనసులూ పాడవుతాయి. దీక్ష మొదలయ్యే ముందే జాబితా రాసుకుని, ఆ స్వాములని నీళ్లతో కోసే పెద్ద మిషన్ల దగ్గరికో, లోడింగ్‌కో మార్చు. డబ్బుంటే ఇంకో దారి ఉంది. నడుముకి బ్యాటరీ ఫ్యాను కట్టుకుని తల మీద వదులుగా కప్పుకునే హుడ్ రకం మాస్కులు దొరుకుతాయి. వాటికి ముఖానికి అతుక్కోవాల్సిన పని లేదు, గడ్డం ఉన్నా నడుస్తుంది. ఒక్కటి కొన్నా ఎండాకాలంలో దాని కోసం కొట్టుకుంటారు, లోపల చల్లగాలి తగులుతుంది మరి.

పెట్టుకునే తీరు రోజూ పొద్దున్న పది రోజులు దగ్గరుండి చూడు. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ మీద. రెండూ మెడకే వేసుకుంటారు, సుఖంగా ఉంటుందని. ముక్కు మీది రేకుని ఒక చేత్తో గిల్లినట్టు నొక్కితే మధ్యలో కోణం తేలి సందు పడుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్యలోంచి పక్కలకి రాస్తూ అణచాలి. తర్వాత మాస్క్‌ని రెండు చేతులతో మూసి ఊపిరి వదిలితే అంచుల్లోంచి గాలి కళ్లకి తగలకూడదు, లోపలికి పీలిస్తే మాస్క్ ముఖానికి అతుక్కోవాలి. వాల్వు ఉన్నదైతే పీల్చి చూస్తే చాలు. కళ్లజోడు ముందు పెట్టుకుని మాస్క్ తర్వాత పెట్టుకుంటే కాడలు పట్టీల కింద ఇరుక్కుంటాయి. మాస్క్ ముందు, కళ్లజోడు తర్వాత.

మేకుకి వేలాడదీయనివ్వకు. మేకు మీద ఉన్న మాస్క్ లోపలికి రాత్రంతా దుమ్ము దిగుతుంది, పొద్దున్న అదే ముక్కుకి పెట్టుకుంటారు. ఒక్కొక్కరికి మూతున్న డబ్బా, దాని మీద పేరు. డిస్పోజబుల్ మాస్క్‌ని ఉతకనివ్వకు, ఉతికితే వడకట్టే గుణం పోతుంది.

పలకల పగుళ్లలో జిగురు నింపే రెజిన్ లైన్ సంగతి వేరు. అక్కడ వాసన వస్తుంది, ఎసిటోన్ అనే ద్రావకం వాడతారు. దుమ్ము మాస్క్ ఆ ఆవిరిని రవ్వంత కూడా ఆపదు. సేంద్రియ ఆవిర్లకి బొగ్గు క్యాట్రిడ్జ్ కావాలి. రంగులు చూసి కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది: అమెరికా పద్ధతిలో ఆ క్యాట్రిడ్జ్ నలుపు, యూరప్ పద్ధతిలో గోధుమరంగు. తెలుపు అమెరికాలో యాసిడ్ వాయువులకి, యూరప్‌లో దుమ్ముకి. రంగు చూసి సంతోషపడకుండా మీద అక్షరాలు చదువు. క్యాట్రిడ్జ్ సీలు తీసిన తేదీ స్కెచ్ పెన్నుతో రాయించు. వాసన వచ్చేదాకా ఆగి మార్చడం కాదు, ముందే రోజులు లెక్క పెట్టుకుని మార్చాలి.

సంపులోకి, ట్యాంకులోకి, సెప్టిక్ గుంటలోకి దిగే పని వస్తే ఈ మాస్కులు ఏవీ పనికిరావు. ఫిల్టరు గాలిని వడకడుతుంది, ఆక్సిజన్‌ని తయారు చేయదు. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ప్రమాదం కిందే లెక్క. ఇంకా బాగా తగ్గితే దిగినవాడు పైకి రాడు, వాడి కోసం దిగిన రెండోవాడూ రాడు. మీటరు, బయట నుంచి గాలి పైపు, పైన కాపలా మనిషి లేకుండా ఎవర్నీ దించకు. ఉద్యోగం పోతుందని ఎవరన్నా బెదిరిస్తే నా దగ్గరికి వచ్చేయ్, ఇంట్లో అన్నం ఉంది.

కుర్రాళ్లకి ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే పరీక్ష చేరేటప్పుడే చేయించి కాగితాలు దాచు. ఒడిశా, బిహార్ కుర్రాళ్లకి ఒక కాపీ వాళ్ల చేతికే ఇవ్వు. ఊరికి వెళ్లాక అక్కడి డాక్టరుకి చూపించడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. సిలికోసిస్ చట్టం ప్రకారం అధికారులకి తెలియజేయాల్సిన జబ్బు, దాచేది కాదు.

షెడ్డులోకి అడుగుపెట్టే ప్రతిసారీ నువ్వూ పెట్టుకో, రెండు నిమిషాల పనికైనా సరే. నీ మీసం సంగతి కూడా చూసుకో. అక్క నిన్న పంపిన ఫోటోలో బుగ్గల మీదికి వంపు తిప్పావు, మాస్క్ అంచు సరిగ్గా అక్కడికే వస్తుంది. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు శాంపిల్ కింద ఇచ్చిన మాస్కులు మూడు సైజులూ పట్టుకురా. శాకరిన్ కిట్ నా దగ్గర ఉంది. భోజనానికి ముందే చూద్దాం, తిన్నాక నాలుకతో పని కాదు. అత్తయ్య గోంగూర పచ్చడి చేస్తానంటోంది.

నీ మామయ్య