విందు భోజనం వికటిస్తే ఎవరికి చెప్పాలి, ఏం దాచుకోవాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర ఒక ఊరు. మా అమ్మాయి పెళ్లిలో మధ్యాహ్నం భోజనాలు కేటరింగ్‌కి ఇచ్చాం. ఆ రాత్రి నుంచి మర్నాటి సాయంత్రం లోపు 40 మంది దాకా వాంతులు, విరేచనాలు, జ్వరంతో పడిపోయారు. తొమ్మిది మంది ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. కేటరర్ ‘మీ బోరు నీళ్లే తేడా’ అంటున్నాడు. ఆసుపత్రివాళ్లు ‘ప్రభుత్వానికి చెప్పడం మా పని కాదు’ అన్నారు. మిగిలిన వంటకాలు పారబోశాం. పన్నెండు రోజులైంది. ఇప్పుడు కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. కాకపోతే ఏ దారిన వెళ్తారన్నది ముఖ్యం.

ముందు ఆసుపత్రి మాట. ఆహార భద్రత చట్టం, 2006లోని సెక్షన్ 35 ప్రకారం ఫుడ్ అథారిటీ (దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) ఒక ప్రాంతానికి నోటిఫికేషన్ ఇస్తే, అక్కడి డాక్టర్లు ఫుడ్ పాయిజనింగ్ కేసులను నిర్దేశించిన అధికారికి తెలపాలి. నోటిఫికేషన్ ఉంటేనే ఆ బాధ్యత. కోస్తాలో అమల్లో ఉన్న 1939 నాటి ప్రజారోగ్య చట్టం కలరా వంటి అంటువ్యాధుల సంగతి చూస్తుంది. ఇవి కాక వ్యాధుల నిఘా కార్యక్రమం ఉంది. అందులో డాక్టర్లు అనుమానిత కేసులను ‘పి’ ఫారంలో, ల్యాబులు నిర్ధారణ అయినవాటిని ‘ఎల్’ ఫారంలో పంపుతారు. కాబట్టి ఆసుపత్రి మీద కేసు పెట్టాలన్న ఆలోచన పక్కన పెట్టండి. వాళ్ల దగ్గర మీకు కావాల్సింది రికార్డులు. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002) చెబుతోంది. కేస్ షీటు, మలపరీక్ష రిపోర్టు, యాంటీబయాటిక్ మొదలుపెట్టిన సమయం అడగండి. ఆ మందు పడ్డాక తీసిన నమూనాలో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు ‘నెగెటివ్’ రిపోర్టు కేటరర్‌కి సర్టిఫికెట్ కాదు.

శ్రీకాకుళంలో జిల్లా వైద్యారోగ్యశాఖ కార్యాలయంలో ఉండే నిఘా అధికారికి, ఆహార భద్రత అధికారికి వేర్వేరుగా అర్జీ ఇచ్చి, రెండింటికీ రసీదు ముద్ర వేయించుకోండి. ఫుడ్ పాయిజనింగ్ ఘటనలపై స్పందించి, పై అధికారికి నివేదిక పంపడం ఆహార భద్రత అధికారి విధి అని 2011 నిబంధనల్లోనే రాసి ఉంది. కేటరర్ లైసెన్సు, వంటవాళ్ల వార్షిక వైద్య పరీక్షల పత్రాలు, టైఫాయిడ్ టీకా వివరాలు తనిఖీ చేయమని అర్జీలో అడగండి. ఇలాంటి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు కొందరిలో జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి ఉంటాయి కనుక వంటవాళ్ల పరీక్షకు ఇంకా అర్థం ఉంది. బోరు నీళ్లను కూడా పరీక్షించమని మీరే అడగండి. ఆ వాదనను అవతలివాళ్ల చేతికి వదలకూడదు.

అసలు బలం జాబితాలో ఉంది. పెళ్లికి వచ్చినవాళ్లలో జబ్బుపడ్డవాళ్లనే కాదు, పడనివాళ్లనీ రాయండి. పేరు, వయసు, తిన్న గంట, మొదటి లక్షణం వచ్చిన గంట, ఏ వంటకం తిన్నారు, ఏ నీళ్లు తాగారు. మాట వరసకి పెరుగు వడ తిన్న 50 మందిలో 35 మంది (70 శాతం) జబ్బుపడి, తినని 30 మందిలో ముగ్గురే (10 శాతం) పడ్డారనుకోండి. అందరూ తాగింది ఒకే బోరు నీళ్లయితే తేడా నీళ్లది కాదు, వడది. దర్యాప్తు అధికారులు చేసే లెక్కా ఇదే. గంటలు కూడా మాట్లాడతాయి: తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో ఒక్కసారిగా వాంతులైతే స్టాఫిలోకోకస్ అనే క్రిమి విడిచే విషంపై అనుమానం, అది మళ్లీ వేడిచేసినా పోదు. ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు జ్వరంతో విరేచనాలైతే సాల్మొనెల్లాపై. మీరు చెప్పిన లక్షణాలు రెండో దానికి దగ్గరగా ఉన్నాయి. నిర్ధారించాల్సింది మాత్రం ల్యాబే.

ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 కింద కొనుగోలుదారు కూడా ఆహారాన్ని పరీక్షకు ఇవ్వవచ్చు గానీ, ఆ ఉద్దేశం కొనే సమయంలోనే వ్యాపారికి చెప్పాలి. పెళ్లి సందడిలో ఎవరు చెబుతారు? ఎలాగూ ఆహారం మిగల్లేదు కాబట్టి, సురక్షితం కాని ఆహారం అమ్మారని సెక్షన్ 59 కింద శిక్ష వేయించడం కష్టం. నిరూపితమైతే తీవ్రం కాని హానికి ఏడాది వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. కోర్టు ఆ నేరాన్ని స్వీకరించడానికి గడువు ఏడాది. ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా అనుమతించవచ్చు. పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడం కూడా పెద్దగా ఫలించదు. ఆహార నేరాల్లో సెక్షన్ 59 ఉండగా అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోని 272, 273 సెక్షన్లు వర్తించవని 2024లో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మీకు దగ్గరి దారి శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. కేటరర్‌కి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. డబ్బు కట్టింది మీరే అయినా, మీ సమ్మతితో భోజనం చేసిన అతిథులూ లబ్ధిదారులుగా వినియోగదారులే. ఒప్పంద పత్రం, ఫోన్‌పే చెల్లింపులు, మెనూ, ఆసుపత్రి బిల్లులు, జాబితా, ఇద్దరు ముగ్గురి అఫిడవిట్లు జతచేయండి. నిఘా అధికారి దర్యాప్తు చేసి ఉంటే ఆ నివేదికను 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద అడగండి. రోగుల పేర్లు కొట్టేసి ఇచ్చినా మీకు సరిపోతుంది. ఈలోపు కేటరర్ రాజీకి వస్తే మీ వాటా మీరు మాట్లాడుకోండి. ఆసుపత్రిలో చేరిన మిగతావాళ్ల తరఫున మాత్రం వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా సంతకం పెట్టకండి.