బయాస్ అంటే పక్షపాతమేనా?

ప్రశ్న: మా అబ్బాయి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. బయాస్ లేకపోతే కంప్యూటర్ ఏమీ నేర్చుకోలేదని సార్ చెప్పారట. పేపర్లలో చూస్తే బయాస్ అంటే పక్షపాతం, వదిలించుకోవాల్సిన జబ్బు. ఏది నిజమండీ?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ నిజమేనమ్మా, మాట ఒకటే గానీ అర్థాలు వేరు. లెక్కల వాళ్ల అర్థం ముందు చూడండి. కాంటా మీద కిలో రాయి ఐదుసార్లు పెడితే 1048, 1051, 1050, 1052, 1049 గ్రాములు చూపిందనుకోండి. అంకెలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి, కానీ అన్నీ ఒకే వైపు తప్పాయి. సగటున 50 గ్రాములు ఎక్కువ. అదే బయాస్. ఇందులో ఎవరి పక్షమూ లేదు. ఇంకో కాంటా 960, 1045, 990, 1030, 975 చూపితే సగటు సరిగ్గా కిలో. దానికి లేనిది నిలకడ. రెండోదానికి పదిసార్లు తూచి సగటు తీస్తే సరిపోతుంది. మొదటిదాన్ని వందసార్లు తూచినా తప్పు అలాగే ఉంటుంది. 50 తీసేయాలి. అదీ అరకిలో రాయితో చూశాకే: 550 చూపితే ఎప్పుడూ 50 తీసేయొచ్చు, 525 చూపితే తప్పు బరువుతో పాటు పెరుగుతోందని.

మనసుకీ ఇలాంటి ఒకవైపు వాలు ఉందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో రాశారు. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగేముందు ఒక చక్రం తిప్పారు. 10 దగ్గర ఆగితే జనం మధ్యస్థంగా 25 అన్నారు, 65 దగ్గర ఆగితే 45 అన్నారు. చక్రానికీ ప్రశ్నకీ సంబంధమే లేదు! కూకట్‌పల్లిలో ఇల్లు అద్దెకి చూసేటప్పుడు ఓనర్ రేటు చెప్పకముందే పక్క ఫ్లాట్లలో ఇద్దర్ని అడిగి, మీ అంకె ఫోన్‌లో రాసుకోండి. విన్న తర్వాత రాస్తే ఓనర్ అంకె చుట్టూనే తిరుగుతారు.

ఇక సార్ మాట. నాలుగు చుక్కల మీదుగా గీతలు ఎన్నైనా గీయొచ్చు. సాదా గీత వైపు ఏదో ఒక మొగ్గు (సార్ చెప్పిన బయాస్ ఇదే) లేకపోతే ఐదో చుక్క ఎక్కడ పడుతుందో చెప్పలేం. మృగశిర కార్తె వచ్చాక గొడుగు పట్టుకెళ్లడమూ అలాంటి మొగ్గే, బుద్ధి తక్కువ పనేం కాదు. ఎండ కాస్తున్నా, వాన లేదని వాతావరణ శాఖ చెప్పినా అంచనా కదలకపోతే మాత్రం పేపర్ల వాళ్ల మాటే రైటు.

అన్నట్టు, న్యూరల్ నెట్‌వర్క్‌లో, అంటే మెదడు నమూనాలో అల్లిన కంప్యూటర్ లెక్కలో, బయాస్ అని ఇంకోటి వస్తుంది. అది లెక్కకి విడిగా కలిపే అంకె, పై 50 గ్రాముల్లాంటిది. పరీక్షలో దీన్నీ, సార్ చెప్పిన మొగ్గునీ కలిపేయొద్దని మీ అబ్బాయికి చెప్పండి.