ఎంబీబీఎస్‌లో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. కాకపోతే క్లాసులో మిగిలిన గంటను ఎలా వాడుతున్నారన్నదే అసలు సంగతి. పాఠం ఇంటి దగ్గర చిన్న వీడియోల్లో, రోగుల కేసులపై చర్చ క్లాసులో: పద్ధతి ఇంతే. స్టాన్‌ఫర్డ్ మెడికల్ స్కూల్లో బయోకెమిస్ట్రీని ఇలా మార్చాక, తప్పనిసరి కాకపోయినా హాజరు 30 శాతం నుంచి 80 దాకా పెరిగిందని 2012లో అక్కడి అధ్యాపకులు రాశారు.

యాసిడ్-బేస్ (రక్తంలో ఆమ్ల, క్షారాల సమతూకం) పాఠం చూసి వచ్చినవాళ్లకు ఒక రోగి రక్త పరీక్ష రిపోర్టు ఇవ్వండి: పీహెచ్ 7.22, కార్బన్ డయాక్సైడ్ 25, బైకార్బొనేట్ 10, సోడియం 135, క్లోరైడ్ 100. నలుగురేసి కూర్చుని యానియన్ గ్యాప్ (సోడియం నుంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే మిగిలేది) 25 అని తేలుస్తారు. పెరిగిన ఆమ్లానికి తగ్గట్టు ఊపిరితిత్తులు సరిగ్గా సర్దుకున్నాయా? బైకార్బొనేట్ పదిని 1.5తో గుణించి 8 కలిపితే, ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ 23, రెండు అటూ ఇటూ; రిపోర్టులో 25 ఉంది, అంటే సర్దుకున్నట్టే. ఇక ఆమ్లం పెరగడానికి కారణం షుగర్ ముదరడమా, కిడ్నీలు దెబ్బతినడమా అని వాదన మొదలవుతుంది. చదువు ఒంటబట్టేది అక్కడే, లెక్చర్‌లో దానికి చోటే ఉండదు.

వీడియో పది నిమిషాలు దాటనివ్వకండి. క్లాసు మొదట్లో చిన్న క్విజ్ పెట్టండి. చూడకుండా వచ్చినవాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పారో, మర్నాటి నుంచి ఎవరూ చూసి రారు. 2019 నుంచి మన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో స్వయంగా నేర్చుకోవడానికి గంటలు కేటాయించారు కాబట్టి, వీడియోలకు వాటినే వాడుకోవచ్చు.