గెలిచిన చోటుని అదే రోజు వదిలేసి వచ్చారంటే భయపడినట్టేనా?

1965 యుద్ధంలో మన 3 జాట్ బెటాలియన్ లాహోర్ దగ్గర డోగ్రాయ్‌ని పట్టుకుని కూడా అదే రోజు వెనక్కి ఎందుకు వచ్చింది, భయపడ్డారా అని అడిగారు. పొద్దున్నే గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఆర్మీ సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్ళు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. భయం అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు.

నేను ఆర్మీలో రేడియో, సమాచారం చూసే సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను. ఒకసారి రాజస్థాన్‌లో ఎక్సర్‌సైజ్, అంటే యుద్ధం ప్రాక్టీసు అప్పుడు రేడియో సెట్ మోసుకుంటూ ఒక ఇన్ఫాంట్రీ (కాల్బలం) కంపెనీ వెంట వెళ్ళాను. రెండు రోడ్లు కలిసే కూడలిని పట్టుకోవాలి. చుట్టూ బంకర్లు, ముళ్ళకంచె. రాత్రంతా ఇసుకలో నడిచి తెల్లారేసరికి పట్టేశాం. జవాన్ల కేకలు, సంబరం. కంపెనీ కమాండర్ సాబ్ నా వైపు తిరిగి, గన్లు వెంటనే పంపమని చెప్పు అన్నారు. పిలుస్తూనే ఉన్నాను. గరగర తప్ప బదులు లేదు. ఆ బ్యాటరీలు మార్చమని ముందే రాసిచ్చాం, కాగితం ఏ బల్ల మీద పడుకుందో మరి. జవాను చెమటకి లేని ఆలస్యం ఫైలుకి ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ కోపమే. ఎండెక్కింది, బాటిళ్ళలో నీళ్ళు అయిపోయాయి. ఎదురుగా దుమ్ము లేచింది. 'శత్రువు' ట్యాంకులు. వాటిని కొట్టే గన్లున్న బళ్ళు ఎక్కడో వెనక ఇసుకలో దిగబడి ఉన్నాయి. ప్రాక్టీసులో గెలుపోటములు తేల్చే అంపైర్ వచ్చి, మీ కంపెనీ పోయినట్టే అని రాసుకుని వెళ్ళాడు. ఉత్తుత్తి యుద్ధమే అయినా ఆ పూట ఎవరికీ అన్నం దిగలేదు.

డోగ్రాయ్‌లో జవాన్లకి ఎదురైంది అసలు యుద్ధం. అమృత్‌సర్ నుంచి లాహోర్ వెళ్ళే జీటీ రోడ్డు ఇచ్ఛోగిల్ కాలువని దాటేది అక్కడే. ఆ కాలువని పాకిస్తాన్ రక్షణ గోడలా వాడుకుంది. మంగళగిరి వైపు నుంచి బెజవాడ పోవాలంటే వారధి ఎంత ముఖ్యమో, అక్కడ ఆ వంతెన అంత ముఖ్యం. సెప్టెంబర్ 6 ఉదయం లెఫ్టినెంట్ కల్నల్ డెస్మండ్ హైడ్ నాయకత్వంలో 3 జాట్ డోగ్రాయ్‌ని పట్టుకుని, కాలువ దాటి, బాటా చెప్పుల ఫ్యాక్టరీ ఉన్న బాటాపూర్ దాకా వెళ్ళింది. కానీ పాకిస్తాన్ సేబర్ విమానాల దాడిలో మనవాళ్ళ దగ్గరున్న, ట్యాంకుల్ని కొట్టే రీకాయిల్‌లెస్ గన్లు పోయాయి. అవి లేకపోతే రైఫిల్ పట్టుకున్న మనిషి ట్యాంకుని ఏం చేస్తాడు? వెనక నుంచి సాయం అందలేదు. పై నుంచి వచ్చిన ఆర్డర్ వెనక్కి రమ్మని. వచ్చారు. ఆ డివిజన్ కమాండర్‌ని కొద్ది రోజుల్లోనే మార్చేశారు, తప్పు ఎక్కడుందో అక్కడే తెలుస్తోంది.

భయపడినవాళ్ళైతే మళ్ళీ వెళ్ళరు కదండీ. సెప్టెంబర్ 21 రాత్రి అదే బెటాలియన్, అదే హైడ్, అదే డోగ్రాయ్. ఈలోపు అవతలివాళ్ళు బంకర్లు, మందుపాతరలతో దాన్ని కోట చేసిపెట్టారు. ఇల్లిల్లూ పోరాడి గెలిచారు. పాకిస్తాన్ 16 పంజాబ్ బెటాలియన్ కమాండర్ గోల్‌వాలానే బందీగా పట్టుకున్నారు. మేజర్ ఆశారాం త్యాగి, కెప్టెన్ కపిల్ సింగ్ థాపా ప్రాణాలిచ్చారు. ఆ ఇద్దరికీ, హైడ్‌కీ మహావీర్ చక్ర వచ్చింది. 23 తెల్లవారుజామున కాల్పుల విరమణ. తాష్కెంట్ ఒప్పందం తర్వాత ఆ ఊరు తిరిగి ఇచ్చేశాం. అది వేరే బాధ.

ఇక్కడ కోచింగ్ సెంటర్లు 1600 మీటర్ల పరుగు ఒక్కటే నేర్పుతున్నాయి. చోటు పట్టాక అక్కడ నిలబడాలంటే గన్ను, తూటా, నీళ్ళు, రేడియో సమయానికి చేరాలని ఒక్కరూ చెప్పరు. అందుకే స్టేడియంలో పిల్లలతో అంటుంటాను, ఇన్ఫాంట్రీ రాలేదని ఏడవొద్దురా, ఆర్టిలరీ అయినా, సిగ్నల్స్ అయినా, లారీ నడిపే పనైనా సరే, వస్తే వెంటనే చేరిపోండి అని.